నీళ్లకు ఏసీ వేసిన మాణిక్యమ్మ

మధ్యాహ్నం భోజనాలయ్యాక షెడ్డు తలుపు దగ్గరగా వేసి, పంకాల కింద గోడకు జారగిలబడితే చాలు, నాలుగు పక్కల నుంచీ ఆ శబ్దం మొదలవుతుంది. "ఊఁ... ఊఁ..." నోరు తెరవకుండా, ముక్కులోంచి, కాస్త సాగదీసి. కథ వినేవాళ్లు కొట్టే ఊఁ లాంటిదే, కాకపోతే కొడుతున్నవి అల్పాకాలు. చూడనివాళ్ల కోసం చెబుతాను. అల్పాకా ఒంటెకు దూరపు చుట్టం. మెడ జిరాఫీ దగ్గర అరువు తెచ్చుకుంది, ఉన్ని గొర్రె దగ్గర లాక్కుంది, మొహంలో మాత్రం పెళ్లిపీటల మీద నిద్ర ఆపుకుంటున్న పెళ్లికొడుకు అమాయకత్వం. దక్షిణ అమెరికా చలికొండల మీద మేయాల్సిన జాతి ఇది. ఖతర్‌లో, షహానియా దాటాక ఇసుక మధ్య ఉన్న మా మజరాలో, వేసవి ఎండలో కూర్చుని ఊఁ కొడుతోంది. మజరా అంటే ఇక్కడి మాటలో పొలం. పొలమంటే మన పొలం కాదు, గోడ కట్టిన ఇసుక.

ఆ ఊఁ చెవిన పడగానే నాకు మాణిక్యమ్మ గుర్తొస్తుంది. ఆమె కూడా నా కథలకు అచ్చం అలాగే ఊఁ కొట్టేది. తేడా ఒక్కటే. అల్పాకాలు నమ్మి కొడతాయి. ఆమె నమ్మకుండా కొట్టేది.

మాది రాయచోటి పక్క. ఖతర్ వచ్చి ఐన్ ఖాలిద్‌లో ఒక పెద్దింట్లో డ్రైవర్‌గా చేరాను. బడికి తీసుకెళ్లే పిల్లలు కారులో కొట్టుకోకుండా ఉండాలంటే నాకున్న ఉపాయం కథలు. ఒకరోజు, ఒంటె మూపురంలో పెట్రోలు ఊరుతుందనీ, పూర్వం ఖతర్ వాళ్లు తెల్లవారి ఒంటెల్ని పితికి పీపాలకెత్తేవారనీ చెప్పాను. పిల్లలు ఆ సాయంత్రమే వెళ్లి మజ్లిస్‌లో, అంటే అతిథులు కూర్చునే చావడిలో, నలుగురు పెద్దమనుషుల ముందు, తాతగారిని అడిగారు: "మన ఒంటెల్ని ఎప్పుడు పితుకుతారు?" ఆ తాతగారే మా యజమాని. మేమంతా బాబా అంటాం. ఆయన నన్ను తిట్టలేదు. మర్నాడు కారు తాళాలు తీసుకుని, పికప్ తాళాలు చేతిలో పెట్టి, మజరాకు పంపించేశాడు. అక్కడైతే నా కథలు వినేవాళ్లు ఉండరని ఆయన ఆశ.

మజరా గేటు దగ్గర చీర కొంగు నడుముకు దోపి, తలకు తువ్వాలు చుట్టుకున్న ఒక పెద్దావిడ నిలబడి ఉంది. మాణిక్యమ్మ పేరు వినని పనివాడు ఆ పెద్దింట్లో లేడు. పాలకొల్లు దగ్గర పల్లెటూరి నుంచి వచ్చి, బాబా పిల్లలందరినీ ఎత్తుకుని పెంచిన మనిషి. ఆమెను అడక్కుండా బాబా సైతం వంటింట్లో అడుగు పెట్టడని చెప్పుకునేవారు. పిల్లలు పెద్దవాళ్లయ్యాక, బాబా చిన్నకూతురు ముచ్చటపడి ఏడు అల్పాకాలను తెప్పించింది. తెప్పించి, చదువుకని విదేశం వెళ్లిపోయింది. వాటి మొహాలు చూసి మాణిక్యమ్మే బాబాను అడిగిందట: "ఇంట్లో ఏడిచే పిల్లలు లేరు. నన్ను వాటి దగ్గరికి పంపించండి."

"పెట్రోలు కథ నువ్వేనేంట్రా చెప్పింది?" అంది నన్ను ఎగాదిగా చూసి.

"నేనే అక్కా."

"ఏదీ, ఇంకోటి చెప్పు."

మా తాత ఎండాకాలం ఎండను గోనెసంచిలో పట్టి, మూతి బిగించి బావిలో ముంచేవాడనీ, అందుకే మా ఊళ్లో బావినీళ్లు చలికాలంలో పొగలు కక్కేవనీ చెప్పాను. ఆమె చివరిదాకా ఊఁ కొట్టింది. తర్వాత చేతికి పార ఇచ్చింది. "బాగానే ఉందిరా అబ్బాయ్. కథ అయిపోయింది కదా, ఇంక పేడ ఎత్తు."

మజరాలో మూడో మనిషి పోశెట్టి, జగిత్యాల వైపువాడు. తక్కువ మాట్లాడతాడు. మాట్లాడినప్పుడు మాత్రం గుచ్చుకునేలా అంటాడు. వాళ్లమ్మ ఊరంతా "మా పోశెట్టి దుబాయ్‌ల గొర్లు కాస్తుండు" అని చెప్పుకుంటుందట. ఇది దుబాయ్ కాదు, ఇవి గొర్రెలు కావు అని వాడు ఫోన్లో చెప్పీ చెప్పీ విసిగి వదిలేశాడు.

మా వేసవి దినచర్య సూర్యుడి కంటే ముందు లేవడంతో మొదలయ్యేది. అల్పాకాలకు ఒక మంచి గుణం ఉంది. అన్నీ కలిసి ఒకే చోటు ఎంచుకుని అక్కడే పేడ వేస్తాయి. "మా వీధిలో మనుషులకే లేదు ఈ బుద్ధి" అనేది మాణిక్యమ్మ. తొట్లలో నీళ్లు మార్చి, పచ్చగడ్డి పరిచి, ఎండ గోడ ఎక్కేలోపు వాటిని లోపలికి తోలి, కూలింగ్ మిషన్ వేసేవాళ్లం. చిన్నమ్మాయి పెట్టిన విదేశీ పేర్లు ఆమె నోటికి పట్టలేదు. ఉమ్మేసేదానికి అత్తగారు అని, మేత దగ్గర అందరినీ తోసేదానికి జమీందారు అని, నుదుటి మీద పిలక ఉన్న బక్క మగదానికి పంతులు అని పేర్లు మార్చేసింది. వారంలో అవన్నీ తెలుగు పేర్లకు తలలు తిప్పడం నేర్చుకున్నాయి.

ఎండలు ముదిరిన మొదటి రోజుల్లో ముగ్గురం కలిసి ఒక ఘనకార్యం చేశాం. గేదెలున్న ఊళ్ల నుంచి వచ్చినవాళ్లం కదా. ఎండకు జంతువు వగరుస్తుంటే మనకు తెలిసిన వైద్యం ఒక్కటే, వీపు మీద నీళ్లు కుమ్మరించడం. ముందు నిలబడి చేయించింది మాణిక్యమ్మే. "మా ఇంట్లో ఎన్ని గేదెల్ని కడిగానో! పొయ్యండ్రా, వీపు మీద పొయ్యండి!" పోశాం. అల్పాకాలు చల్లబడలేదు సరికదా, ఇంకా రొప్పసాగాయి. తడిసిన ఉన్ని వీపుకు అంటుకుపోయి, ఉడికే అన్నం మీద మూతలా లోపలి వేడిని బయటికి పోనివ్వలేదు. అప్పుడు జమీందారు ఏం చేసిందంటే, కిందికి కారిన నీళ్ల మడుగులో పొట్ట ఆనించి, కాళ్లు చాపి పడుకుని కళ్లు మూసుకుంది. దాని ఊపిరి నెమ్మదించింది. ఉన్ని లేనిది పొట్ట కిందే. మాణిక్యమ్మ నడుము మీద చేతులు పెట్టుకుని దాన్నే కాసేపు చూసి, పైపు నా చేతిలోంచి లాక్కుంది.

"ఇంక పొట్టకే పొయ్యాలి. కాళ్లకీ పొట్టకీ, అంతే. వీపు మీద చుక్క పడిందంటే ఊరుకోను."

"వీపు మీద పొయ్యమన్నది నువ్వే కదక్కా?" అన్నాను.

"అది నిన్నటి మాణిక్యమ్మ. దానికి తెలీదు. దాన్ని అడగటానికి వెళ్లకు, పని చూడు."

ఇంత దర్జాగా మనసు మార్చుకున్న మనిషిని నేను అంతకుముందు చూడలేదు. సిగ్గుపడటానికి కూడా ఆమె టైము ఖర్చుపెట్టలేదు.

ఆ తర్వాత బాబా వచ్చాడు. కారు దిగి, షెడ్డులోకి తొంగిచూసి, తలగుడ్డ కొసతో మొహం తుడుచుకున్నాడు. "మా తాతలు ఒంటెల్ని పెంచారు. ఒంటెకు ఈ ఎండ తెలుసు. వీటికి తెలీదు. చస్తాయి. చచ్చేలోపే అమ్మేస్తాను, వ్యాపారితో మాట్లాడాను" అన్నాడు. అమ్మేస్తే మా ముగ్గురి సంగతీ తేలిపోయినట్టే. పోశెట్టి ఇండస్ట్రియల్ ఏరియాలో ఏదో క్యాంపుకు, నేను విమానంలో రాయచోటికి. మాణిక్యమ్మకైతే ఆ పెద్దింట్లో పెంచడానికి పిల్లలు లేరు కనుక ఆమె కూడా ఇంటికే. నాకు నోరు ఆగలేదు. వచ్చీరాని అరబ్బీలో, చేతులతో సగం పూరిస్తూ చెప్పేశాను: "బాబా, మా ఊళ్లో ఏడు తరాల నుంచి వీటినే పెంచుతున్నాం. మా ఎండ ముందు మీ ఎండ ఎంత? ఒక్కటి కూడా చావదు."

బాబా నన్ను నమ్మలేదు. ఒంటెను పితికిన చరిత్ర నాది. ఆయన మాణిక్యమ్మ వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు. వీడు చెప్పేది నిజమా?"

ఆమె జన్మలో రాయచోటి ముఖం చూడలేదు. రెప్ప కూడా వేయకుండా, ఆ ఇంట్లో ఇన్నేళ్లు సంపాదించుకున్న మాటంతా నా అబద్ధం కింద పరిచేసింది: "నిజమే బాబా. నేను చూశాను."

బాబా గడ్డం నిమురుకున్నాడు. "సుహైల్ వచ్చేదాకా" అన్నాడు చివరికి. సుహైల్ అంటే మన అగస్త్య నక్షత్రం. వేసవి చివర తెల్లవారుజామున దక్షిణాన కనిపిస్తుంది. అది కనిపించిందంటే ఎండ వెన్ను విరిగినట్టేనని ఇక్కడివాళ్ల లెక్క. "అప్పటికి ఏడూ నిలబడి ఉంటే ఉంటాయి. ఒక్కటి తగ్గినా అన్నీ పోతాయి. మీరూ పోతారు. యల్లా, ఇంక కానివ్వండి."

కారు దుమ్ము అణిగాక నేను ఆమె కాళ్ల మీద పడబోయాను. ఆమె వెనక్కి జరిగింది. "లేరా, ఏంటీ నాటకాలు. నువ్వన్నప్పుడు అది అబద్ధం. నేను కూడా అన్నాక ఇంక అబద్ధం కాదు, మన ముగ్గురికీ పని. పోశెట్టీ, పైపులు సరిచెయ్యి."

"నన్నెందుకు కలుపుతున్నరు అక్కా? నేనేమన్న?" అన్నాడు పోశెట్టి.

"నువ్వు కాదనలేదు కదా, అందుకు."

ఆ వేసవి ఎలాంటిదంటే, బల్లులు పోశెట్టి చెప్పులేసుకుని తిరిగాయి. గుడ్డు పెట్టడానికి కూర్చున్న కోడి ఆమ్లెట్ పెట్టి లేచింది. ఇవి నా మాటలు, మీరు ఊఁ కొట్టి ఊరుకోండి. కానీ ఇప్పుడు చెప్పబోయేది మాత్రం జరిగింది. ఎండకు ఉక్క తోడై, గాలి తడిగుడ్డలా మొహానికి చుట్టుకునే రోజుల్లో, షెడ్డు కూలింగ్ మిషన్ గట్టిగా ఒక దగ్గు దగ్గి ఆగిపోయింది. మెకానిక్ వచ్చి చూసి, లోపలి భాగం పోయిందనీ, కొత్తది బయటి దేశం నుంచి రావాలనీ, ఎప్పుడొస్తుందో చెప్పలేననీ చేతులు తుడుచుకున్నాడు. బాబాకు ఫోన్ చేస్తే ఆ సాయంత్రానికే వ్యాపారి లారీ గేటు ముందుంటుంది. పైపు తిప్పితే మేడ మీది ట్యాంకులోంచి టీ పెట్టుకోదగ్గ నీళ్లు వస్తున్నాయి. వాటిని పొట్టకు పోస్తే అల్పాకాలు ఎగిరి దూకాయి. మా గదిలో ఏసీ పనిచేస్తోంది కదాని రెండింటిని బతిమాలి లోపలికి ఎక్కించాం. గుమ్మం దాటడానికి అవి పడిన సందేహం కొత్త కోడలు కూడా పడి ఉండదు. ఎక్కాక వాటి ఒంటి వేడికి ఆ చిన్న ఏసీ మూలగడం మొదలుపెట్టింది. దించేశాం.

మాణిక్యమ్మ తొట్టి గట్టు మీద కూర్చుని, పైపులోంచి కారే వేడినీళ్లకు వేలు పెట్టి చూసింది. 

"ఒరేయ్, ఎండాకాలం పెద్దింట్లో చల్లనీళ్లు కావాలంటే ఏ కుళాయి తిప్పుతాం?" అంది హఠాత్తుగా.

గల్ఫ్‌లో పనిచేసిన ఎవరికైనా తెలిసిన సంగతే అది. వేసవిలో చన్నీళ్ల కుళాయిలో మరిగే నీళ్లు వస్తాయి. అందుకని గీజర్ స్విచ్ ఆపేస్తాం. ఇంట్లో, ఏసీ చలవలో నిల్వ ఉన్న నీళ్లు దాంట్లో ఉంటాయి కనుక వేడినీళ్ల కుళాయిలో చల్లనీళ్లు వస్తాయి.

"వేడిది" అన్నాను.

"ఎందుకు? ఆ నీళ్లు ఇంట్లో కూర్చున్నాయి కాబట్టి. మనుషుల్లాగే నీళ్లు కూడా ఏసీలో కూర్చుంటే చల్లబడతాయి. మంచాలు బయట వేయండ్రా. పద, పీపాలు తేవాలి."

నా పికప్‌లో ఇండస్ట్రియల్ ఏరియాకు వెళ్లి, పాత సామాన్ల దుకాణాల్లో నీలం రంగు ప్లాస్టిక్ పీపాలు బేరమాడింది. హిందీ సగం, అరబ్బీ సగం, కోపం వచ్చినప్పుడు గోదావరి తెలుగు. దుకాణదారుకు తెలుగు రాదు. అయినా తెలుగు మొదలయ్యాకే ధర దిగింది. మొదటి పీపాలు ఆమె గదిలోకే వెళ్లాయి. తన మంచం తానే వంటింట్లోకి లాక్కుపోయింది. మిగతావి మా గదిలో, మేం పడుకునే చోట. కిటికీ సందులు తువ్వాళ్లతో మూసి, ఏసీ చలవ పూర్తిగా పెంచి, తలుపు వేశాం. మేమిద్దరం షెడ్డు బయట మంచాలేసుకున్నాం.

పోశెట్టి చెమట పిండుకుంటూ ఆ తలుపు వైపు చూశాడు. "నీళ్లకు ఏసీ. మనకు మాఫీ, ఏం లేదు. మా అమ్మకు చెప్తే నమ్మది అక్కా."

"చెప్పకు. ఆవిడ ఇంకా గొర్రెల దగ్గరే ఉంది, ఒకేసారి ఇంత తట్టుకోలేదు" అంది మాణిక్యమ్మ.

రాత్రి నింపిన పీపా మధ్యాహ్నానికి చల్లబడేది. చల్లబడ్డవి ఒక్కొక్కటీ దొర్లించుకొచ్చి, చెంబులతో పొట్టలకు పోసి, ఖాళీవి మళ్లీ నింపి లోపల కూర్చోబెట్టేవాళ్లం. పంకాలు ఎక్కడెక్కడివో తెచ్చి నేల మట్టానికి పెట్టాం. నా చేతుల చర్మం ముడతలు పడి ముసలివాడి చేతుల్లా అయింది. రోజులు అలా గడుస్తుండగా, ఒక మధ్యాహ్నం పంతులు పడిపోయింది. పడుకోవడం కాదు, ఒక పక్కకు ఒరిగి, మెడ నేలకు వాల్చేసి, నోరు తెరిచి రొప్పుతోంది. కళ్లు మూతలు పడుతున్నాయి. పోశెట్టి నీళ్లు తేవడానికి పరిగెత్తాడు. మాణిక్యమ్మ దాని తల ఒళ్లోకి తీసుకుంది. చెంబు నా చేతికిచ్చి పొట్టకు పొయ్యమంది. నేను పోస్తూ, భయానికి మామూలుగానే ఏదో వాగుతున్నాను. అలుపొచ్చి ఆగాను.

"ఆపకు!" అని కసిరింది. "నీ గొంతు ఆగితే వీడు కళ్లు మూసేత్తున్నాడు. చెప్పు, ఏదో ఒకటి చెప్పు!"

చెప్పాను. ఎండను సంచిలో పట్టిన తాత కథ మళ్లీ చెప్పాను. ఆ సంచి దొంగిలించిన దొంగ ఒళ్లు కాలి ఊరంతా పరిగెత్తితే, అతని వెనక దోమలన్నీ దీపమనుకుని ఎగిరిన వైనం చెప్పాను. మా మేనత్త పెట్టిన ఆవకాయ ఘాటుకు రైలు ఆగిపోయిన కథ చెప్పాను. రాయచోటి అయిపోతే కడప చెప్పాను, కడప అయిపోతే నేనెప్పుడూ చూడని ఊళ్ల సంగతులు చెప్పాను. నోరు ఎండిపోతే పంతులుకు తెచ్చిన నీళ్లే తాగి చెప్పాను. పోశెట్టి పీపా తర్వాత పీపా దొర్లిస్తూనే ఉన్నాడు. చివరికి, మా తాత ఆ సంచి మూతి విప్పే చోటికి వచ్చేసరికి, మాణిక్యమ్మ ఒళ్లోంచి సన్నగా, బొంగురుగా ఒక శబ్దం వచ్చింది.

"ఊఁ..."

ఆమె, నేను ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. "కొట్టింది నేను కాదురా" అంది గుసగుసగా. పంతులు మెడ ఎత్తింది. కాళ్లు ముడుచుకుంది. ఇంకొంచెం సేపటికి వణుకుతూ లేచి నిలబడి, నా కథ ఎలా ఉందో తేల్చి చెప్పడానికన్నట్టు నా మొహం మీద పచ్చగా ఉమ్మేసింది. పోశెట్టి నేల మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టాడు. మాణిక్యమ్మ తలకు చుట్టిన తువ్వాలు తీసి కళ్లు తుడుచుకుంది. తర్వాత అదే తువ్వాలు నా మొహానికి విసిరింది. "తుడుచుకో. సన్మానం బాగానే జరిగింది."

సుహైల్ కనిపించిన ఉదయం బాబా ఒక్కడే రాలేదు. మజ్లిస్‌లో కూర్చునే పెద్దమనుషుల్ని కూడా వెంటేసుకుని, మూడు కార్లలో వచ్చాడు. వాళ్ల ముందు మమ్మల్ని పంపించేయడానికేమో అనుకున్నాను. మాణిక్యమ్మ మాత్రం ఇస్త్రీ చీర కట్టుకుని, షెడ్డు తలుపులు రెండూ బార్లా తెరిచింది. ఏడూ వరసగా బయటికి వచ్చాయి. జమీందారు ముందు, పంతులు వెనక. చల్లబడ్డ గాలికి చెవులు నిక్కించి, బాబా చేతి కర్రను వాసన చూశాయి. బాబా ఒక్కొక్కదాని మెడ మీద చెయ్యి వేసుకుంటూ చివరిదాకా నడిచాడు. మా గదిలో పీపాల్ని, బయట మంచాల్ని కూడా చూసుకున్నాడు. తర్వాత స్నేహితుల వైపు తిరిగి గొంతు సవరించుకున్నాడు.

"వీటిని చూసి ఆశ్చర్యపోతున్నారా? ఈ మనిషి ఊళ్లో ఇరవై తరాల నుంచి పెంచుతున్నారు" అన్నాడు నా భుజం తట్టి. "వాళ్ల దగ్గర పెళ్లికూతురు అత్తవారింటికి దీని మీదే ఎక్కి వెళ్తుంది. ఎండాకాలంలో వీటి కోసం ఇళ్లు ఖాళీ చేసి తాము బయట పడుకుంటారు. మాణిక్యం స్వయంగా చూసింది!"

పెద్దమనుషులు అబ్బురపడి నా వైపు చూశారు. నేను వినయంగా తల వంచాను. ఏడు తరాలను ఇరవై చేసిన ఆ మనిషి ముందు నేనెంత! మాణిక్యమ్మ వాళ్లకు ఖర్జూరాలు, గహ్వా కాఫీ అందిస్తూ నా పక్క నుంచి వెళ్తూ, పెదాలు కదపకుండా అంది: "చూశావా? ఇళ్లు ఖాళీ చేసిన ముక్క ఒక్కటీ నిజం. అది మనం చేసిందే. మిగతాదంతా దాని మీద నిలబడిపోయింది."

ఆ మాట నాకు అప్పుడు నవ్వులా వినిపించింది. తర్వాత తర్వాత, నా బతుకంతా దాని మీదే నడుస్తోందని తెలిసింది. అంతకుముందు నా గొప్పలు పుట్టిన పూటే పోయేవి. నలుగురు నవ్వేవారు, అక్కడితో సరి. ఆమె వచ్చి ప్రతి గొప్ప కిందా ఒక పని పెట్టింది. నువ్వన్నావు కాబట్టి నువ్వే చేసి చూపించు, నేను పక్కన ఉంటాను అని. నోటి పొగరు తగ్గించుకోమని ఎందరో చెప్పారు. చేతిని దాని ఎత్తుకు పెంచమని చెప్పింది ఆమె ఒక్కతే. మరుసటి వేసవికి బాబా కొత్త షెడ్డు కట్టించాడు, రెండు మిషన్లతో. మంద పెరిగింది. నన్ను మజరాకు పెద్దను చేశాడు. మాణిక్యమ్మ తనకు చాలనిపించినప్పుడు, ఎవరూ పొమ్మనకుండా, తానే టికెట్ కొనిపించుకుని, విమానాశ్రయంలో బాబా కుటుంబమంతా సాగనంపుతుండగా పాలకొల్లు వెళ్లిపోయింది. అక్కడ పాల డెయిరీ ఒకటి పెట్టి, వీధినంతా గదమాయిస్తోందని వినికిడి.

మొన్న బాబా మనవరాలు వచ్చింది. కత్తిరించి మూటకట్టిన ఉన్నిని పట్టుకుని, దీన్ని ఏం చేస్తారని అడిగింది. నోరు ఊరుకుంటుందా? మా ఇంట్లో మగవాళ్లంతా కళ్లు మూసుకుని శాలువాలు నేస్తారనీ, చలికాలానికి తనకొకటి నేసి ఇస్తాననీ చెప్పేశాను. పిల్ల వెళ్లాక మాణిక్యమ్మకు ఫోన్ చేశాను.

"నీకు నెయ్యడం వచ్చేంట్రా?" అంది.

"నాకు యాడ వచ్చక్కా?"

"దారం తియ్యడం?"

"అదీ రాదు."

అటువైపు గేదెల గంటలు వినిపించాయి. ఎవరినో పాలకేను పక్కన పెట్టమని కేకేసి, మళ్లీ ఫోన్ దగ్గరికి వచ్చింది. "పిల్ల ఏ రంగు అడిగింది?"

"తేనె రంగు."

"అయితే ఆ రంగు ఉన్ని వేరే తీసి పెట్టు. దేంట్లోనూ కలిపెయ్యకు."

వేరే తీసి పెట్టాను. కదురు కోసం ఇవాళ ఖర్జూరపు మట్ట ఒకటి చెక్కాను. వంకరగా వచ్చింది. రేపు ఇంకోటి చెక్కుతాను.